ఐసు ఫ్యాక్టరీ సందు

ఆ ఊళ్లో దారి అడిగితే ఉన్నదాన్ని చూపించి చెప్పేవాళ్లు అరుదు. లేనిదాన్ని తలుచుకుని చెబుతారు. "పాత సినిమా హాలు దగ్గర ఎడమకి తిరుగు" అంటారు. ఆ హాలు పడగొట్టి అక్కడ చెప్పుల దుకాణం లేచి ఇరవై ఏళ్లు దాటింది. కొత్త వంతెన అనేది వాళ్ల తాతల చిన్నతనంలో కట్టింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని పొరుగూరివాళ్లు ఎకసెక్కాలాడతారు గానీ, ఊరివాళ్లకు మాత్రం ఇదే పెద్ద గొప్ప. "మా ఊళ్లో పుట్టినవాడికి అడ్రసు అక్కర్లేదు, పుట్టనివాడికి చెప్పినా తెలీదు" అని మురిసిపోతుంటారు. మురిసిపోవడానికి మనుషులకు ఏదో ఒకటి కావాలి కదా.

ఈ గొప్పకంతటికీ పెద్దదిక్కు అడ్రసు మావయ్య. ముప్పై నాలుగేళ్లు అక్కడే ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టుమ్యాన్. ఊరంతా ఆయనకు కొట్టిన పిండి. ఒకసారి కవరు మీద "మా పెద్దక్కకి" అని, కింద ఊరి పేరు, అంతే రాసి ఉంటే, చేతిరాతను బట్టి ఆ అక్కెవరో కనిపెట్టి ఇచ్చి వచ్చాడు. ఆ కథ నెలకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పాల్సిందే. "ఆవిడ ఏడ్చింది, మీకు టీ ఇచ్చింది, మీరు తాగారు. ఇక లేవండి, అన్నం చల్లారిపోతోంది" అని చివరి ముక్క భార్యే అందుకుని ఆయన్ని ఉడికించేది.

వాళ్ల ఇల్లు ఐసు ఫ్యాక్టరీ సందులో. ఆ ఫ్యాక్టరీ కాలిపోయి ముప్పై ఏళ్లయింది. నిజంగా ఐసు తయారయ్యేది ఇప్పుడు ఊరవతల, హైవే పక్కన. కానీ అక్కడ మునుపు చేపల షెడ్డు ఉండేది కాబట్టి ఊరివాళ్ల లెక్కలో అది ఎప్పటికీ చేపల షెడ్డే.

ఆరేళ్ల కిందట మునిసిపాలిటీ గుమాస్తా ఒకాయన ఇంటింటికీ నంబర్లేసిన రేకులు పట్టుకొచ్చాడు. మావయ్య అరుగు మీద నుంచి లేచి మరీ అడ్డుపడ్డాడు.

"నంబర్లు జైల్లో వాళ్లకి బాబూ. మా ఊళ్లో మనుషులకి గుర్తులున్నాయి. అయినా నేనుండగా ఈ రేకులెందుకు?"

చుట్టూ చేరినవాళ్లు ఈలలేశారు. గుమాస్తా రేకులు ఇచ్చి ఊరుకున్నాడు, ఊరు వాటిని కుండల మీద మూతలుగా వాడుకుంది. "ఎందుకైనా మంచిది, మనదొకటి గోడకి కొట్టించండి" అని భార్య రెండుసార్లు అడిగింది. ఆయన నవ్వి, ఊగుతున్న బీరువా కాలి కింద పెట్టాడు.

మొన్న ఎండాకాలంలో, మధ్యాహ్నం మూడింటప్పుడు, ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతూ మంచం మీద కూలబడింది. ముఖమంతా చెమట. ఊపిరి అందడం లేదు. "ఏవండీ" అని ఒక్కసారి పిలిచింది, ఆ తర్వాత మాట రాలేదు. ఆయన అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

"డోర్ నంబరు చెప్పండి సార్" అంది అవతలి అమ్మాయి.

"నంబరెందుకమ్మా! ఐసు ఫ్యాక్టరీ సందు. అడ్రసు మావయ్య ఇల్లని అడిగితే ఎవరైనా చూపిస్తారు."

పక్కింటి కుట్టుమిషనావిడ అలికిడి విని పరుగెత్తుకొచ్చింది. అత్తయ్య గుండెలు రాస్తూ, "మావయ్యా, మా కారు గుమ్మంలోనే ఉంది. ఎక్కించేద్దాం, పది నిమిషాల్లో ఆస్పత్రి" అంది.

"వద్దమ్మా. అంబులెన్సులో ఆక్సిజనుంటుంది. బయల్దేరిందట, వచ్చేస్తుంది."

మాట సబబుగానే ఉంది. అదే ఆయన్ని ఈనాటికీ కాల్చుకు తింటోంది.

పావుగంటకి డ్రైవరు ఫోన్ చేశాడు. "సార్, ఐసు ఫ్యాక్టరీ దగ్గరే ఉన్నాను. ఇక్కడ సందేం లేదు, పెద్ద గేటుంది. వాచ్‌మన్‌కి కూడా ఈ ఊరు కొత్తట."

"అది చేపల షెడ్డు నాయనా! వెనక్కొచ్చి పోస్టాఫీసు దగ్గర కుడికి తిరుగు. త్వరగా రా."

పోస్టాఫీసు అంటే ఆయన కళ్ల ముందున్నది తాను సంచీ తగిలించుకుని బయల్దేరిన పాత భవనం. అందులో ఇప్పుడు ఫర్నిచరు అమ్ముతున్నారు. ఆఫీసు ఊరి రెండో చివరికి మారిపోయింది. ఆ మారిన రోజున సామాను మోసినవాళ్లలో ఆయనా ఒకడు. అంత తెలిసిన మనిషికి ఆ క్షణంలో తెలియలేదు. డ్రైవరు మాత్రం చెప్పినట్టే కొత్త పోస్టాఫీసుకి పోయాడు.

మళ్లీ ఫోన్ మోగేసరికి ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. కుట్టుమిషనావిడ భుజంతో బీరువా ఎత్తిపట్టింది. ఆయన నేల మీద పడుకుని రేకు లాగి, తుప్పు గీకి, నంబరు పైకి చదివాడు. చదువుతుంటే మొదటిసారి తన ఇంటి నంబరు తనకు తెలిసింది.

డ్రైవరు ఎవరినో అడగడం ఫోన్లో వినబడింది. తర్వాత అతని గొంతు: "సార్, ఆ నంబరు ఇక్కడ ఎవరికీ తెలీదంటున్నారు. ఏ సందో చెప్పమంటున్నారు."

"ఐసు ఫ్యాక్టరీ సందని చెప్పు బాబూ" అన్నాడు మావయ్య. ఏడుస్తున్నాడని ఆయనకే తెలియదు.

ఆ పేరు వినగానే పదిమంది చేతులెత్తి దారి చూపించారట. బండి సందులోకి వచ్చేసరికి నలభై రెండు నిమిషాలు గడిచాయి. వచ్చిన నర్సు చెయ్యి పట్టుకుని చూసి, మెడ మీద వేళ్లు పెట్టి చూసి, దుప్పటి కప్పింది.

సందంతా డ్రైవరు మీద పడింది. పరాయి ఊరివాడు, కుర్రాడు, "నేను ఐసు ఫ్యాక్టరీకే వెళ్లానండీ" అని అదే మాట పదిసార్లు అన్నాడు. ఎవరో చొక్కా పట్టుకున్నారు. మావయ్య లోపల్నుంచి వచ్చి ఆ చెయ్యి విడిపించాడు.

"వదలండి. ఇతను ఉన్న ఊళ్లో తిరిగాడు. నేను లేని ఊరి దారి చెప్పాను."

ఆ మాటకి అందరూ తలలూపారు. ఎంత బాగా అన్నాడో అని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకున్నారు కూడా.

తర్వాత ఆయన మునిసిపాలిటీ చుట్టూ తిరిగి మళ్లీ రేకులు తెచ్చి, సుత్తి పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్లాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని ఆయనకూ తెలుసు. కాదన్నవాళ్లు లేరు. "అక్కడ పెట్టండి మావయ్యా, మేం కొట్టుకుంటాం" అన్నారు. జాలిపడ్డారు, టీ ఇచ్చారు. ఒక్కరూ కొట్టుకోలేదు. కుట్టుమిషనావిడ గోడకీ, ఆయన గోడకీ తప్ప సందులో ఎక్కడా నంబరు కనబడదు. ఇంట్లో రెండో కంచం కడగాల్సిన పని లేక, ఆయన మధ్యాహ్నాలు వీధి మొగలో పళ్ల బండి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు కారొకటి వచ్చి ఆగింది. స్టీరింగు దగ్గర కూర్చున్న పెద్దావిడ అద్దం దించి, "ఐసు ఫ్యాక్టరీ సందు ఎటండీ?" అని పళ్లబ్బాయిని అడిగింది.

"ఐసు ఫ్యాక్టరీ సందా? ఆ పేరు ఇప్పుడు ఎవరంటున్నారమ్మా! తిన్నగా వెళ్లి, అంబులెన్సు రాని సందని అడగండి, ఎవరైనా చెప్తారు." అని, పక్కనున్న మనిషిని చూసి నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ మావయ్య వైపు తిరిగింది. "అంతేనాండీ?"

ఆయన చెయ్యెత్తి సందు వైపు చూపించాడు.

"అంతేనమ్మా. కుడిచేతి వైపు రెండోది."

కారు ఎక్కడా ఆగకుండా, ఎవర్నీ మళ్లీ అడగకుండా వెళ్లి ఆ సందులోకి తిరిగింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.