మొదటి పొట్టిక్క ఆవిడే విప్పాలి

మా అత్తగారు పోయారు. పోయిన గురువారం పొద్దున్న, పాలమనిషి వచ్చి వెళ్ళిన కాసేపటికి. కాంపౌండరుగారు నాడి పట్టుకు చూసి, ఆ చెయ్యి నెమ్మదిగా మంచం మీద పెట్టేసి, "అమ్మగారు వెళ్ళిపోయేరండీ" అన్నాడు. నేను నమ్మలేదు. అతన్ని పక్కకి జరగమని ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మళ్ళీ పెట్టి చూశాను. "ఇంకేం చూస్తావు, ఊరుకో" అని మా ఆయన నా భుజం పట్టుకున్నారు. ఏం చేస్తాను మరి? ఎవరేం చెప్పినా స్వయంగా చూసుకుంటే తప్ప నమ్మకూడదని నాకు నేర్పింది ఆ మంచం మీద ఉన్న మనిషే.

ఆవిడకి అనుమానం ఎక్కువ. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, ఈ మాట దాస్తే నాకింక ఆవిడ గురించి చెప్పడానికేమీ మిగలదు. ఎవరు ఏ కబురు తెచ్చినా ఆవిడ రెండే ప్రశ్నలు వేసేవారు. "ఎవరు చెప్పేరు? కళ్ళతో చూసేరా?" తన చావు కబురు తనకే చెప్పినా ఈ రెండూ అడిగి ఉండేవారు.

నిజానికి ఒకసారి అలాంటిదే జరిగింది. ముక్తేశ్వరంలో ఉన్న ఆవిడ మేనమామగారు పోయారని కబురొచ్చింది. ఇంట్లో అందరం కళ్ళొత్తుకుంటున్నాం. ఆవిడ మాత్రం వంటింట్లోకి వెళ్ళి సీసాలో ఉసిరికాయ పచ్చడి పెట్టుకొచ్చారు. "అదేంటండీ అత్తయ్యగారూ, చావింటికి పచ్చడేంటి?" అన్నాను. "ఒకేళ బతికుంటే? ఆయనకిదంటే ప్రాణం" అన్నారు. తీరా వెళ్ళేసరికి ఆ పెద్దాయన వీధరుగు మీద కూచుని కాఫీ తాగుతున్నారు. పోయింది పక్కింటాయన. కబురు తెచ్చినవాడు జనాన్ని చూసి ఇల్లు పొరబడ్డాడు. ఆవిడ పచ్చడి సీసా ఆయన చేతిలో పెట్టి, "నీ గురించి నేను బస్సులో కూడా ఏడవలేదు మావయ్యా" అన్నారు గర్వంగా. ఆ తరవాత పక్కింటికెళ్ళి, వాళ్ళకోసం నిజంగానే ఏడ్చి వచ్చారు.

నేను డెబ్బైల మొదట్లో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. అమలాపురం నుంచి పి.గన్నవరం అవతల పల్లెకి. మా మావగారు మిషను బళ్ళో మేష్టారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మాట్లాడాల్సిన మాటలు కూడా కలిపి అత్తగారే మాట్లాడేవారు. పాలు తెస్తే గోటి మీద చుక్క వేసుకుని జారుతుందో లేదో చూడటం, కొబ్బరికాయని కొట్టేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపడం, రేడియోలో వాన పడదని చెబితే దొడ్లోకి వెళ్ళి చీమల్ని చూసి వచ్చి బట్టలు తీయించడం, ఇవన్నీ రోజూ చూసేదాన్ని. పొద్దుటి కుటుంబ ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటే ఆవిడ ఒక కన్ను వంటింటివైపు తెరిచే ఉంచేవారు. తప్పు కాదాండీ అని అడిగాను. "దేవుడికి నా సంగతి తెలుసమ్మా. పొయ్యి మీద పాలున్నాయన్న సంగతి పిల్లికి కూడా తెలుసు" అన్నారు.

ఐ.పోలవరం వైపు నుంచి చేపల గంప ఎత్తుకుని బస్సులో ఒకామె వచ్చేది. అత్తగారు చేపని తీసుకుని మొప్పలెత్తి చూసి, పొట్ట నొక్కి, వాసన చూసి, ఎప్పుడు పట్టేరు, ఎవరు పట్టేరు అని ఆరా తీసేవారు. ఆమెకి విసుగొచ్చేది.

"అమ్మగారండీ, చేపని కొంటారా, కోడల్ని చేసుకుంటారా?"

"కోడలప్పుడు ఇంత చూడలేదే. అదే పొరపాటయ్యింది" అన్నారావిడ, నాకు వినబడేట్టు.

గంపామె పకపకా నవ్వింది. నేను లోపల చింతపండు పిసుకుతూ ఆ కోపమంతా చింతపండు మీద చూపించాను.

నా బాధ అదే. ఆవిడ లోకాన్నంతా అనుమానిస్తే నాకేం? కానీ నా చేతి వంటని అనుమానించేవారు. పప్పు దింపితే వచ్చి గరిటె తిప్పి పలుకు పట్టుకు చూసేవారు. అన్నం వారిస్తే మెతుకు నలిపి చూసేవారు. మా పుట్టింట్లో నలుగురు వచ్చినా వండిపెట్టిన దాన్ని. ఇక్కడ ప్రతి పూటా పరీక్షే. ఎప్పటికైనా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను పెట్టింది పెట్టినట్టు ఆవిడ మారుమాట్లాడకుండా తినాలి. అప్పుడే నేను ఈ ఇంటి మనిషినైనట్టు. ఇదీ నా పంతం. మా ఆయనతో చెబితే, "మా అమ్మ అంతే, నా పెళ్ళిరోజున నేను మొహం కడుక్కున్నానా అని కూడా చూసింది" అన్నారు. ఆ మాటకి నాకింకా ఒళ్ళు మండింది.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఆదివారం పొద్దున్న. గుడికి వెళ్ళేముందు మా ఇంట్లో పొట్టిక్కలు. పనసాకుల్ని కొబ్బరి ఈనెలతో గుచ్చి బుట్టలు చేసి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించాలి. శనివారం మధ్యాహ్నం అరుగు మీద కూచుని ఆవిడ కొబ్బరాకుల నుంచి ఈనెలు తీసేవారు. పక్కన నేను బుట్టలు కుట్టేదాన్ని, మధ్యమధ్యలో ఆవిడా కుట్టేవారు. ఆవిడ ఒక్కో బుట్టనీ ఎత్తి ఎండకి పట్టి చూసేవారు. సూదిమొనంత వెలుగు కనిపించినా పక్కన పడేసేవారు. "ఇక్కణ్ణించి నీళ్ళెక్కుతాయి. మధ్యలో పిండి పచ్చిగా ఉండిపోద్ది. చూడ్డానికి పైకేమీ తెలీదు" అనేవారు. పడేసిన బుట్టల్లో నావే ఎక్కువ ఉండేవి.

ఆదివారం పళ్ళేల ముందు అందరూ కూచున్నాక ఎవరూ ముట్టుకోకూడదు. మొదటి పొట్టిక్క ఆవిడే విప్పాలి. ఆకు ఒలిచి, రెండుగా విరిచి, మధ్యలో బొటనవేలితో నొక్కి, వాసన చూసి, "ఆయ్, తినండి" అంటే అప్పుడు మావగారి చెయ్యి కదిలేది. ఆ కాసేపూ నేను గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. పాసయినా సంతోషం ఉండేది కాదు. మళ్ళీ వారం మళ్ళీ నొక్కుతారు కదా!

అలాగని మనసు లేని మనిషని అనుకునేరు. మా అమ్మాయి పుట్టాక, పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతుంటే నేను కాస్త నడుం వాల్చేదాన్ని. కళ్ళు తెరిస్తే ఆవిడ ఉయ్యాల మీదకి వంగి కనబడేవారు. పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నారు. "ఏమైందండీ?" అని నేను గాభరాగా లేస్తే, "ఏం లేదమ్మా. మరీ నెమ్మదిగా పడుకుందీ, అనుమానమేసింది" అనేవారు. కాసేపాగి నేను నిద్రపోయాననుకుని, నా ముక్కు దగ్గర కూడా పెట్టేవారు. నాకు నవ్వొచ్చేది. కదిలితే వెళ్ళిపోతారని కదలకుండా పడుకునేదాన్ని.

మా ఆయన కుక్కరు కొనుక్కొచ్చినప్పుడు ఆవిడ పీట గుమ్మం అవతలకి జరుపుకున్నారు. "ఉడికేటప్పుడు మూత తీసి చూడకూడదంట! చూడనివ్వని గిన్నెని ఎలా నమ్ముతానమ్మా?" విజిల్ వేసినప్పుడల్లా ఉలిక్కిపడి, "అదిగో, అదే అరుస్తంది తట్టుకోలేక" అనేవారు. ఆ కుక్కరులో ఆవిడ బతికుండగా శనగలు తప్ప ఏమీ ఉడకలేదు.

ఇలా ఉండగా మా ఊరి గుడికి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన భార్యది ఎక్కడో మెట్ట ప్రాంతం. మమ్మల్ని పలహారానికి పిలిచి, మా వైపు వంటకమని ముచ్చటపడి పాపం పొట్టిక్కలే చేసింది. నేను ఆకు విప్పాను. పైన బాగానే ఉంది. మధ్యలో పిండి పిండిగానే ఉంది. అయిపోయింది, ఇప్పుడు ఈవిడ నోరు విప్పుతారు, ఆ పిల్ల ఏడుస్తుంది అని హడలిపోయాను. అత్తగారు మాత్రం విరవలేదు, నొక్కలేదు. అంచునుంచి తుంచుకుని తిన్నారు. మొత్తం తిన్నారు. ఇంకోటి వేస్తే అదీ తిన్నారు.

"బాగుందమ్మా. చాలా బాగుంది. మా గురించి నీకు శ్రమిచ్చేం" అన్నారు.

నాకు తల తిరిగింది. కాలవగట్టు మీద ఇంటికి నడిచి వస్తూ ఇంక ఆపుకోలేకపోయాను.

"పిండి పచ్చిగా ఉంది కదండీ అత్తయ్యగారూ?"

"ఆయ్. పచ్చిగానే ఉంది. కడుపులో రాయి పడ్డట్టుంది."

"మరి బాగుందన్నారు! అదే నేను పెట్టుంటే ఊరుకునేవారా?"

ఆవిడ ఆగి నా మొహంలోకి చూశారు. నేనేదో అడగరాని తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

"ఆవిడింట్లో వంక పెట్టడానికి నేనెవర్నమ్మా? ఒక పూట తినొచ్చేత్తాం. మనింట్లోది రేపు తినాలి, ఎల్లుండి తినాలి, పిల్లకి పెట్టాలి. అనుమానం మనవాళ్ళ మీదే పడాలి. పైవాళ్ళని అనుమానిస్తే తగువైపోద్ది."

అని చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ముందుకి నడిచారు. నేను ఆ గట్టు మీద ఒక క్షణం నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ నన్ను ఇంట్లోంచి బయటికి నెడుతున్నారనుకున్న చెయ్యి, నన్ను లోపలికి లాగుతోందన్నమాట. అలాగని నాకు కోపం రావడం ఆగిందా అంటే, లేదు. ఆ వచ్చే ఆదివారం కూడా ఆవిడ నా పొట్టిక్క విరిచి చూశారు, నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మండుతూనే లోపల ఎక్కడో చల్లగా కూడా ఉంది. ఇద్దరం అలాగే ఏళ్ళు గడిపాం. ఆవిడ నొక్కడం, నేను మూతి ముడవడం, మావగారు ఆకలితో ఇద్దరి వైపూ చూడటం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నా కాపురంలో సుఖమన్నది ఆ ఆదివారప్పొద్దుల్లోనే ఉంది.

ఈ మధ్య మంచాన పడ్డారు. అమలాపురంలో డాక్టరుగారు మందులు రాసిచ్చి, ఫరవాలేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఫరవాలేకపోతే ఇంటికెందుకు తీసుకెళ్ళమంటున్నారో నాకు అనుమానం వచ్చింది. కానీ అడగడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చాక కూడా ఆవిడ మాత్రలు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసి మరీ మింగేవారు. జావ ఇస్తే ఉప్పెంత వేశావని అడిగేవారు. అడుగుతున్నంతకాలం నాకు ధైర్యంగానే ఉంది.

కిందటి ఆదివారం పొట్టిక్క తినాలనుందన్నారు. నాకు పట్టరాని సంతోషం. ఒక్కో బుట్టనీ కిటికీ దగ్గర పట్టి చూసుకున్నాను. మొదటిది, విప్పకుండా, పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళాను. తలగడలు పెట్టి కూచోబెట్టాను. చేతుల్లో బలం ఇంకా ఉంది. అప్పుడే దుప్పటి తనే సర్దుకున్నారు. ఆకు తనే ఒలిచారు కూడా. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి ఎప్పట్లాగే నిలబడ్డాను.

విరవలేదు. నొక్కలేదు. అంచునుంచి కాస్త తుంచి నోట్లో పెట్టుకున్నారు.

"బాగుందమ్మా. చాలా బాగుంది. నీకు శ్రమిచ్చేను."

ఆ మాట నేను అంతకుముందు విన్నాను. ఎవరింట్లో విన్నానో కూడా గుర్తుంది. "అత్తయ్యగారూ, మధ్యలో చూడండి. పచ్చిగా ఉందేమో చూడండి. నాకు అనుమానంగా ఉందండీ" అన్నాను.

"ఎందుకమ్మా, బానే ఉంటదిలే" అని చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా నవ్వారు. ఇన్నేళ్ళు నేను కోరుకున్నది అదే. వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తల్లీ, ఒక్క వంకన్నా పెట్టవమ్మా అని గోడకి చెప్పుకున్నాను.

అప్పటికే ఆవిడ ఈ ఇంటినుంచి లేచి బయల్దేరారు. తక్కినవాళ్ళకి గురువారం తెలిసింది.

నిన్న మళ్ళీ ఆదివారం. ఇంటినిండా చుట్టాలు. ఇప్పుడెందుకు ఈ హైరానా అన్నారు గానీ నా చేతులు ఊరుకోలేదు. పొట్టిక్కలు దింపి పళ్ళేల్లో వేశాను. మావగారు, మా ఆయన, మా అమ్మాయి వరసగా కూచున్నారు. ఆకుల మీంచి ఆవిరి పోతోంది. ఎవరూ చెయ్యి పెట్టరు. ఎందుకు తినటంలేదో మొదట నాకు అర్థం కాలేదు. మావగారు ఖాళీ పీటవైపు చూసి, తరవాత నావైపు చూశారు.

వెళ్ళి ఆ పీట మీద కూచున్నాను. ఒకటి తీసుకుని ఆకు ఒలిచాను. రెండుగా విరిచి, మధ్యలో బొటనవేలితో నొక్కాను.

"ఏమ్మా, తినొచ్చా?" అన్నారు మావగారు.

"ఉండండి మావయ్యగారూ" అన్నాను. ఉడికినట్టే ఉంది. అయినా నమ్మకం కుదరక మళ్ళీ నొక్కి చూశాను.