కత్తెరమ్మ కోటుకు చోటు

ఆమెను వీధిలో అందరూ కత్తెరమ్మ అనేవారు. కోట్లు కుట్టే పెద్ద షాపులో కటింగ్ బల్ల దగ్గరే సగం వయసు గడిపిన మనిషి. గుడ్డ మీద సుద్దతో ఒక గీత గీసిందంటే దాన్ని చెరపడమన్న మాటే లేదు. ఆ షాపు మూతపడ్డాక, ఇంట్లో మేడ మీది ముందుగదిలో సొంత వ్యాపారం పెట్టింది. ఈసారి గుడ్డతో కాదు, కాగితంతో. కోటు ముక్కల్ని కొలతల ప్రకారం కాగితం మీద గీసి, ఫోటోలు తీసి, ఆన్‌లైన్ మార్కెట్లో పెడుతుంది. వాటినే ప్యాటర్న్‌లంటారు. కొన్నవాళ్ళు ఆ ఫైలు డౌన్‌లోడ్ చేసుకుని, ప్రింటు తీసుకుని, దాని ప్రకారం గుడ్డ కత్తిరించుకుంటారు.

ఆ మార్కెట్లో షాపు తెరిచింది ఆమే, పేరు పెట్టింది ఆమే, మొదటి ప్యాటర్న్ ఎక్కించిందీ ఆమే. ఈ సంగతి ఎవరు మరిచిపోయినా ఆమె మరిచిపోదు. మరిచిపోనివ్వదు కూడా.

తర్వాత తోడికోడలు వచ్చి చేరింది. “నేను కూడా ఒకటి రెండు పెట్టనా అక్కా?” అని అడిగితే, “పెట్టుకోవే, షాపేమన్నా అరిగిపోతుందా?” అన్నది ఈవిడే. చిన్న కోడలి చేతికి కత్తెరిస్తే రుమాలు కూడా తిన్నగా కత్తిరించలేదు. కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ పిల్ల చేతికి ఎక్కడలేని ఒడుపూ వస్తుంది. చంటిపిల్లల గౌన్లు, కుందేలు చెవుల టోపీలు, బొమ్మలకు చొక్కాలు గీసి పెట్టింది. పెట్టినవి పెట్టినట్టే అమ్ముడుపోయాయి.

అక్కడ మొదలైంది మంట. ఒకటి అమ్ముడుపోయినప్పుడల్లా కంప్యూటర్ టింగ్‌మంటుంది. అత్తగారు ఎక్కడున్నా కళ్ళజోడు వెతుక్కుని వచ్చి, కొన్నవాళ్ళు రాసిన మెచ్చుకోళ్ళు గట్టిగా చదువుతుంది. చదివాక ఊరుకుంటుందా? “ఇది నీదా పెద్దమ్మాయ్? కాదా? మళ్ళీ చిన్నదానిదేనా!” అంటుంది. ఆవిడ మనసులో కల్మషం ఏమీ లేదు. అందుకే ఆ మాట మరీ కాలుతుంది. కల్మషం ఉంటే కనీసం దెబ్బలాడుకోవచ్చు.

కత్తెరమ్మకు కుళ్ళు. దాన్ని ఇంకో పేరుతో పిలవడం అనవసరం. బొమ్మ చొక్కాకు ఐదు నక్షత్రాలా? బొమ్మకు చంక దగ్గర బిగుతైతే అడిగేదెవరు? మనిషి భుజానికి కోటు కుదర్చమనండి చూద్దాం! ఇలా లోలోపల సణుక్కుంటూ ఆ వానాకాలమంతా ఒక పెద్ద కోటు గీసింది. తనకు పని నేర్పిన మేస్త్రీ పద్ధతిలో, భుజం మీద ముడత రాని కోటు. చలి మొదలయ్యేలోగా అది షాపులోకి ఎక్కాలి. చలి ముదిరాక కోటు ప్యాటర్న్ ఎవరు కొంటారు? కుట్టుకునేసరికి ఎండలు వచ్చేస్తాయి. ఈ ఒక్క కోటుతో టింగ్ తన పేరున మోగాలని, ఆ మాటలు అత్తగారు తన ముందు చదవాలని ఆమె ఆశ.

తీరా అప్‌లోడ్ నొక్కితే ఎర్రటి గీత వచ్చింది. ఆ మార్కెట్‌వాళ్ళు ఒక్కో షాపుకు ఫైళ్ళు దాచుకోవడానికి ఇంత చోటని కొలిచి ఇస్తారు. అది నిండవచ్చింది, మిగిలిన కాస్త చోటు చాలదు, పాతవి తీసేస్తే తప్ప కొత్తది ఎక్కదని రాసి ఉంది. కింద ఫైళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. గౌను, గౌను, టోపీ, గౌను, బొమ్మ చొక్కా. ఎక్కడ చూసినా చిన్నదానివే.

“నా ఇంట్లో నాకే నిలబడ్డానికి చోటు లేదన్నమాట” అనుకుంది కత్తెరమ్మ.

చిన్న కోడలు అప్పుడే పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళింది. అత్తగారు కునుకు తీస్తోంది. కత్తెరమ్మ న్యాయంగానే మొదలుపెట్టింది. ఎవరూ కొనని టోపీ ఒకటి తీసేసింది. ఎర్ర గీత కదల్లేదు. ఇంకో టోపీ తీసింది. కదల్లేదు. రెండు గౌన్లు తీసింది. ఉహూఁ. అక్కడితో న్యాయం అయిపోయింది. ఆపైన ఒళ్ళు మండి, అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయే కుచ్చుల గౌను కూడా తీసి పారేసింది. నిజం చెప్పాలంటే అది తీసినప్పుడు ప్రాణం హాయిగా ఉంది.

గీత మాత్రం ఎర్రగానే ఉంది. చిన్న అక్షరాల్లో ఉన్నది అప్పుడు చదివింది. తీసేసినవి చెత్తబుట్టలో పడతాయి, బుట్టలో ఉన్నంతకాలం అవి కూడా లెక్కలోకే వస్తాయి. బుట్ట ఖాళీ చేస్తే చోటు వస్తుంది, ఫైళ్ళు మాత్రం ఇక తిరిగి రావు. బుట్ట పక్కనే ఒక్కో ఫైలు బరువు వేసి ఉంది. చూసి కత్తెరమ్మకు తల కొట్టేసినట్టయింది. తీసేసిన గౌన్లూ టోపీలూ అన్నీ కలిపినా తన కోటులో ఒక చెయ్యి ముక్కంత లేవు. షాపంతా నింపేసి కూర్చున్నవి తన పాత కోట్లే.

అయినా వేలు ‘ఖాళీ చెయ్యి’ అన్న మీట మీదే ఉంది. ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గభాలున కంప్యూటర్ కట్టేసి, కత్తెరకు నూనె రాస్తూ కూర్చుంది.

సాయంత్రానికి టింగ్‌లు వరసగా మోగాయి. అవి మెచ్చుకోళ్ళు కావు. డబ్బు కట్టినవాళ్ళకు గౌను ఫైలు దొరకడం లేదు. చిన్న కోడలి ముఖం పాలిపోయింది. తన చేతిలోనే ఏదో తప్పు జరిగిందనుకుని, ఒక్కొక్కరికీ క్షమించమని రాస్తూ కూర్చుంది. కత్తెరమ్మ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

మర్నాడు పొద్దున చిన్న కోడలు చెత్తబుట్ట తెరిచింది. అన్నీ తనవే. లేచి కటింగ్ బల్ల దగ్గరికి వచ్చింది.

“ఇవి మీరు తీశారా అక్కా?”

“నా కోటుకు చోటు కావాల్సొచ్చింది.”

“ఒక్క మాట అడిగుంటే నేనే తీసేదాన్ని కదా!”

“అదేనే నా ఏడుపు!” కత్తెర బల్ల మీద పడేసింది కత్తెరమ్మ. “నేను తెరిచిన షాపులో నేను నిన్ను అడగాలా? నువ్వు జాలిపడి కాస్త జరిగితే నేను కూర్చోవాలా?”

చిన్న కోడలు నెమ్మదిగా, “బుట్టెందుకు ఖాళీ చెయ్యలేదు మరి?” అంది.

“మెట్ల మీద నువ్వొస్తున్న చప్పుడైంది.”

“రాకపోతే చేసేవారా?”

చేసేదాన్ని కాదని ఒక్క అబద్ధం ఆడేస్తే సరిపోయేది. కత్తెరమ్మకు అది నోట రాలేదు.

“ఏమోనే. చేసేదాన్నేమో.”

చిన్న కోడలు ఫైళ్ళన్నీ వెనక్కి తెచ్చుకుంది, మాటలు మానేసింది. వేళకు కంచం పెడుతుంది, కానీ ఆ పెట్టే చప్పుడుకు కత్తెరమ్మకు ముద్ద దిగేది కాదు. మీ ఇద్దరి మధ్యా ఏమైందని అత్తగారు అడిగితే, ఏమీ కాలేదని ఇద్దరూ ఒకేసారి అనేవారు. బయట చల్లగాలి మొదలైంది. కోటు బల్ల మీదే ఉండిపోయింది. కత్తెరమ్మ తన పాత కోట్లు తీసేసి చోటు చేసుకోవచ్చు. చెయ్యాడలేదు.

ఒక మధ్యాహ్నం చిన్న కోడలు వచ్చి కంప్యూటర్లో ఆ కోటు ఫోటోలు తెరిచింది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

“ఇవెందుకింత బరువో తెలుసా మీకు? బల్ల అంచుంది, సుద్దముక్కుంది, మీ టీ గ్లాసు కూడా ఉంది. కోటు తక్కువ, గదెక్కువ. చుట్టూ ఉన్న ఈ కాగితమంతా ఎందుకూ?”

“కోటు ఒంటి మీదికి ఎక్కేదాకా అంచు కాగితం కత్తిరించకూడదని మా మేస్త్రీ చెప్పాడు. తేడా వస్తే దిద్దుకోవడానికి అది కావాలి.”

“బల్ల మీద కావాలి. ఫోటోలో ఎందుకక్కా?”

కత్తెరమ్మ నాలుక కరుచుకుంది. ఇన్నాళ్ళూ మేస్త్రీ మాట ఫోటోలకు కూడా పాటించింది.

“కొలతలు చెప్పండి, కంప్యూటర్లోనే గీస్తా. ఉత్త గీతలకు ఫోటోలంత బరువుండదు. మీ మీద కోపం పోయిందనుకోకండి. కోటు బాగుంది, అంతే.”

ఆమె చెప్పింది, ఈమె గీసింది. కాలరు వంపు దగ్గర ఇల్లు ఎగిరిపోయేలా అరుచుకున్నారు. ఆఖరికి కోటు మొత్తం కలిపి ఒక గౌనంత చోటులో ఇమిడిపోయింది. ఎర్ర గీత జోలికే పోకుండా షాపులోకి ఎక్కింది.

చలి బాగా ముదరకముందే మొదటి మెచ్చుకోలు వచ్చింది. ఆ సమయానికి గదిలో కత్తెరమ్మ ఒక్కతే ఉంది. ‘కోటు కుదిరింది. అన్నిటికన్నా ఆ గీతలు! ఎంత శుభ్రంగా ఉన్నాయో. గీసిన చేతికి దండం’ అని ఉంది.

కత్తెరమ్మ కడుపు భగ్గుమంది. భుజం నాది, వంపు నాది, వానాకాలమంతా నడుము విరగ్గొట్టుకున్నది నేను. దండం గీతలకా! జవాబు రాసే చోట ‘గీసింది నేనే’ అని టకటకా కొట్టింది. కొట్టి, దానివైపే చూస్తూ ఉండిపోయింది. సుద్ద గీత ఏనాడూ చెరపని మనిషి ఆ రెండు మాటల్నీ ఒక్కో అక్షరమే చెరిపింది. ‘కొలతలు నావి. గీతలు మా తోడికోడలివి’ అని రాసింది. రాస్తున్నంతసేపూ కడుపు మండుతూనే ఉంది. అయినా పంపించింది.

టింగ్ వినబడి అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంటూ రానే వచ్చింది.

“ఇది నీదా పెద్దమ్మాయ్, చిన్నదానిదా?”

“సగం నాది అత్తయ్యా” అంది కత్తెరమ్మ, ముఖం మాడ్చుకునే.

“ఏ సగం?”

“మంచి సగం.”