కొబ్బరినీళ్ళలో తడిసిన గొంతులు

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఫిజీ సైన్యం వ్యాను లౌటోకాలోని మా భాషా శిక్షణ కేంద్రం ముందు ఆగింది. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. సైనికులకు మేము హిందీ నేర్పుతున్నందుకు బదులుగా, మా తొమ్మిది కంప్యూటర్లను కలిపి నెట్‌వర్క్ చేసిపెట్టడానికి ఒక ఫిజియన్ సార్జెంటు, అతని కింద పనిచేసే అమ్మాయి వచ్చారు.

నా ప్రాణమంతా మూలనున్న పాత కంప్యూటరు మీదే ఉంది. ద్రాసా, రాకిరాకి చెరకు పొలాల్లో తిరిగి నేను రికార్డు చేసిన పదకొండు మంది పెద్దల తెలుగు మాటలు అందులో ఉన్నాయి. వాళ్ళలో ఇద్దరే బతికున్నారు. పోయినవాళ్ళలో మా వదిన తల్లి ఒకరు. అసలు క్యాసెట్లు బూజుపట్టి పాడయ్యాయి. నెట్‌వర్క్ వస్తే ఆ మాటలు మిగిలిన ఎనిమిదింటిలోకీ ఎక్కించవచ్చని ఆశపడ్డాను.

సార్జెంటు చాప మీద కూర్చుని యంగోనా అనే వేరు రసం తాగాకే పనిముట్లు తీశాడు. పని మొదలుపెట్టే ముందు అది వాళ్ళ పద్ధతి. మధ్యాహ్నానికి వైర్లు లాగడం అయింది. పాత కంప్యూటరును నేలమీద పెట్టి, పక్క రేకు విప్పి, నెట్‌వర్క్ కార్డు బిగించాడు. పనిచేస్తుందో లేదో చూద్దామని రేకు మూయకుండానే ఆన్ చేశాడు.

అప్పుడే వదిన కొబ్బరికాయతో వచ్చింది. ఆడపడుచునైన నన్నూ ఆమె వదినా అనే పిలుస్తుంది.

"కాయ కొట్టకుండా స్టార్ట్ ఎట్లా చేస్తారు, వదినా? ట్రాక్టర్‌కి కూడా కొట్టినాం గదా!"

"గడప దగ్గర కొట్టు," అన్నాను.

"మిషన్ ఈడుంటే గడప కాడ ఎందుకు?"

ఆపేలోగా దాని ముందే నేలకేసి కొట్టింది. రేకు విప్పిన పక్కనుంచి నీళ్ళు లోపలికి చిందాయి. చిటపటమని తెర నల్లబడింది.

సార్జెంటు ప్లగ్గు లాగేసి, "ఆజీ, హమ్ లోగ్ కే యంగోనా తో పేట్ మే గయిస్!" అన్నాడు. అవ్వా, తమ యంగోనా అయితే కడుపులోకే పోయింది, మిషన్‌లోకి కాదని ఎగతాళి.

వదిన నవ్వలేదు. "మా అమ్మ అందులో ఉంది, బేటా. ముందు ఆమెను బయటికి తియ్యి," అంది.

అతను హార్డ్ డిస్కు ఊడదీశాడు. ఆ అమ్మాయి దాన్ని తుడిచి వేరే కంప్యూటరుకు తగిలించింది. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి స్పీకర్లో ఒక ముసలి గొంతు, చెబుతున్న కథ మధ్యలో ఆపేసి అరిచింది: "వాన వస్తాంది, బట్టలు తియ్యండే!"

"మా అమ్మే," అంటూ వదిన నేలమీద కూలబడింది. చీకటి పడేలోగా పదకొండు గొంతులూ మిగిలిన ఎనిమిది కంప్యూటర్లలోకీ చేరాయి.

పోయినవి: పాత కంప్యూటరు ఒకటి, కార్డు ఒకటి, కొబ్బరికాయలో నీళ్ళు. కొబ్బరి మాత్రం నలుగురం తిన్నాం.