పినాంగ్‌కు పదిహేడు ఉత్తరాలు

ఆ రోజుల్లో మా బంధువులందరికీ కలిపి తెలిసిన ఈమెయిలు అడ్రసు ఒకే ఒక్కటి. అదైనా మాది కాదు, మలేషియాలో పినాంగ్ అనే ఊళ్ళో లుంగీల అంగడి పెట్టుకున్న ఒకాయనది. మా మేనమామ దాన్ని ఒక అట్టముక్క మీద రాయించుకుని, ఎలుకలు కొట్టేస్తాయన్న భయంతో పూజగూట్లో పటం వెనక దాచిపెట్టాడు. ఇప్పుడు నాకొక్కడికే నాలుగు అడ్రసులున్నాయి, రోజూ వచ్చేవాటిలో ముప్పాతిక వంతు విప్పకుండానే చెరిపేస్తాను. కానీ ఒకే ఒక్క ఉత్తరం కోసం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డ ఆ శుక్రవారం గుర్తొచ్చిందంటే ఇప్పటికీ ముందు చెమట పడుతుంది, ఆ తర్వాత నవ్వొస్తుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిప్లొమా ముగించి వేలూరులో ఒక చిన్న సెంటర్లో టైపింగ్ నేర్పేవాణ్ణి. (బంధువుల్లో మాత్రం నేను కంప్యూటర్ ఇంజినీరునే. నేను ఊరుకున్నా మా అమ్మ ఊరుకునేది కాదు.) మామది వేలూరు దగ్గర గుడియాత్తంలో లుంగీల వ్యాపారం. చుట్టుపక్కల వీధుల్లో నేతగాళ్ళకు నూలిచ్చి నేయించి, మద్రాసులో ఒక ఏజెంటుకు పంపేవాడు. లుంగీ మామది, దాని మీద అంటించే చీటీ ఏజెంటుది. ఆ ఏడాది ఎలాగో పినాంగ్ ఆయన మామ నేయించిన కట్ట చూసి, నచ్చి, నేరుగా మామకే ఫోను చేశాడు. ఆ సంగతి ఏజెంటుకు తెలిసి మొహం తిప్పేసుకున్నాడు, ఆర్డర్లు ఆపేశాడు. కాబట్టి పినాంగ్ దొరికితే సరి, లేకపోతే వీధిలో మగ్గాలన్నీ పడుకోవాల్సిందే. పినాంగ్ ఆయన ఫోన్లో అరవంలో చాలా మర్యాదగానే ఒక మాట చెప్పాడు. సరుకు ఎన్ని రోజుల్లో ఇస్తారో రాతలో కావాలి, శుక్రవారం మన గడియారంలో సాయంత్రం నాలుగులోపల మెయిల్ రావాలి, రాకపోతే వేరే ఊరివాళ్ళను చూసుకుంటాను అని.

మామ వెంటనే వేలూరు వచ్చి ఒక పాత కంప్యూటరు, ఒక పాత ప్రింటరు, ఒక మోడెం కొన్నాడు. మోడెం అంటే అరచేతి వెడల్పు డబ్బా, ముందువైపు వరసగా చిన్న చిన్న దీపాలు. ఒక వైరు కంప్యూటరుకు, ఇంకొకటి ఫోనుకు పెడితే, ఫోను చేసినట్టే నంబరు తిప్పి మనల్ని ఇంటర్నెట్‌కు కలుపుతుంది. కంప్యూటర్లో అప్పటికే వైరస్ ఉంది. నా దగ్గర ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన, విండోస్‌కు బదులు పెట్టుకునే లినక్స్ సీడీ ఉంది. ఇంకేం కావాలి? ఉన్నదంతా తుడిచేసి లినక్స్ పెట్టేశాను. "ఇది నీకు బాగా వచ్చునా?" అని మామ అడిగితే "రెండేళ్ళుగా దీంట్లోనే ఉన్నాను మామా" అన్నాను. నిజానికి ఆ శుక్రవారానికి ఆ సీడీ నా చేతికొచ్చి పదకొండు రోజులు.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి పళ్ళికొండ మీదుగా గుడియాత్తం చేరేసరికి ఇంట్లో పండగ వాతావరణం. మామ ముందే తెచ్చి పెట్టుకున్న కంప్యూటరు మీద కొత్త గళ్ళ లుంగీ కప్పి ఉంది, మానిటరుకు కుంకుమ బొట్టు ఉంది. మామ కుర్చీ లాగి కూర్చోబెట్టి, అలవాటుకొద్దీ గొంతు తగ్గించి చెప్పాడు. "అరవై దినాలు కావాలని రాయిరా. నలభై చాలు, అయినా అరవై అను. వానొచ్చినా, ఎవడికైనా జ్వరమొచ్చినా మన చేతిలో ఉంటాది." ఈ అలవాటు గురించి చెప్పాలి. మా వాళ్ళు తరతరాలుగా అరవదేశంలో వ్యాపారం చేసుకుంటున్నవాళ్ళు. బేరానికి వచ్చినవాడు ఎదురుగా కూర్చుని ఉంటే అరవంలో ఒక మాట, లోపల ఇంటివాళ్ళతో తెలుగులో అసలు మాట. మాకు తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. దాంట్లో దాచుకోవడం మాత్రం బాగా వచ్చు.

నా ఇంగ్లీషంతా కూడగట్టి ఉత్తరం టైపు చేసి, పంపే బొత్తాం నొక్కాను. 'పంపడమైనది' అన్న అర్థంలో ఒక మాట తెర మీద కనిపించింది. మోడెం కుయ్ అనలేదు, కయ్ అనలేదు, ఒక్క దీపం మినుకుమనలేదు.

"అంతేనా? చప్పుడే రాలేదే?" అన్నాడు మామ.

"అదే లినక్స్ గొప్ప మామా!" అన్నాను.

అత్త కేసరి తెచ్చి పెట్టింది. నేను రెండోసారి పెట్టించుకుని తింటూ ఉండగా మామ పినాంగ్‌కు ఫోను చేశాడు. అవతల నుంచి సన్నటి గొంతు, రిసీవరు దాటి ఇంటిల్లిపాదికీ వినబడేలా, "ఇంకా ఏమీ రాలేదే" అంది. నేను కేసరి గిన్నె పక్కకు జరిపాను. మామ గడియారం చూశాడు. పదకొండున్నర.

"బస్సెక్కి వేలూరు పోయి బ్రౌజింగ్ సెంటర్లో పంపించేద్దామా?" అన్నాడు.

"ఎందుకు మామా, పది నిమిషాలు" అన్నాను. ఆ పది నిమిషాలు నా జీవితంలోకెల్లా పొడవైనవి.

ముందు కంప్యూటరు వెనక్కి తొంగి చూశాను. మోడెం వైరు రెండో బొక్కలో ఉంది, నేను లినక్స్‌కు చెప్పింది మొదటి బొక్క. అది సరిచేయగానే దీపాలు వెలిగాయి! ఇంట్లో అందరూ ఒకేసారి "వచ్చినాది!" అని అరిచారు. మళ్ళీ పంపి చూడాలి. ఊరికే పరీక్షకు ఏదో ఒకటి రాసి పంపాలి. ఎవరికి పంపాలి? ఉన్న అడ్రసు ఒక్కటే కదా! ఎలాగూ పోవడం లేదు, పోయినా అక్కడ తెలుగెవరికొస్తుంది అని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం మొదలుపెట్టాను. "ఏదో ఒకటి చెప్పండి" అంటే అత్త నవ్వుతూ, "ఆయన గొంతు పిల్లి మాదిరి ఉండాదే, అది రాయి" అంది. రాసి పంపాను. 'పంపడమైనది' అంది లినక్స్. మోడెం ఈసారి పీఁ పీఁ పీఁ అని నంబరు కొట్టి, కాసేపు ఆగి, ఏమీ దొరకలేదని చెప్పి పడుకుంది.

అప్పట్నుంచి ఒకటే పని. వెంట తెచ్చుకున్న లినక్స్ పుస్తకంలో ఒక పేజీ తిప్పడం, ఒక అంకె మార్చడం, ఎవరో ఒకరిని మాట అడగడం, పంపడం, మోడెం పీఁ పీఁ అని పడుకోవడం. మామ గదిలో అటూ ఇటూ తిరుగుతూ, "ఏమని చెప్పేది? నలభై దినాల్లో ఇచ్చేవాళ్ళం ఊరికే అరవై అని రాసినాము, దేవుడే ఇట్లా అడ్డం కొడతాండాడు అని రాయి" అన్నాడు. రాశాను. మా అవ్వ, అంటే మామ తల్లి, మంచం మీద నుంచే, "నాయనా, అన్నం తిన్నావా అని అడుగు. ఎవరికైనా ముందు అదే కదా అడిగేది" అంది. అదీ రాశాను. వచ్చిన నేతగాళ్ళు కూడా తలా ఒకటి చెప్పి పోయారు. ఒకాయన పినాంగ్‌లో వాన ఉందా అని అడిగించాడు. మధ్యాహ్నం అందరూ అన్నానికి లేస్తే నేను ఆకలి లేదని ఒక్కణ్ణే కూర్చున్నాను. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప ఊపిరాడేలా లేదు. నాకు ఇది ఏమీ రాదు, నేర్చుకుని పదకొండు దినాలే అయ్యింది, మామకు చెప్పొద్దు అని కొట్టి, పంపే బొత్తాం నొక్కాను. నిజం చెబితే కొంచెం హాయిగా ఉంది. (ఎవరికీ చేరదన్న ధైర్యం ఉంటే నిజం ఎంత సులభంగా వస్తుందో!)

రెండున్నర అయింది. ఇప్పుడు బస్సెక్కినా వేలూరు చేరి, సెంటర్లో కుర్చీ దొరికేసరికి నాలుగు దాటిపోతుంది. మామ ఇంక తిరగడం మానేసి గడప మీద కూర్చున్నాడు. అప్పుడు మంచం మీద నుంచి అవ్వ లేచి కూర్చుంది.

"ఒరే అప్పా, పొద్దుటి నుంచి వింటా ఉండాను. మనం ఫోను తిప్పితే టక టక టక అంటాది. నీ డబ్బా పిట్ట మాదిరి కూస్తాండాది. మన ఊరి ఫోనుకు పిట్ట భాష యాడ తెలుస్తాది?"

నేను గోడ మీదున్న ఫోను వైపు చూశాను. గుండ్రటి చక్రం, వేలు పెట్టి తిప్పే ఫోను! వేలూరులో మా సెంటర్ ఫోనుకు బొత్తాలు, నొక్కితే కూస్తుంది. ఇక్కడి ఎక్స్ఛేంజికి ఇంకా టక టకలే కావాలి. పుస్తకంలో వెతికితే ఉంది! నంబరుకు ముందు ఉండే ఒక్క అక్షరం, 'టీ' తీసి 'పీ' పెట్టాలి. అంతే. పెట్టాను. మోడెం టక టక టక టక అంది. ఆగింది. తర్వాత ఎవరో గొంతు పుక్కిలించినట్టు గరగరమని, కీచుమని, బుస్సుమని, ఆఖరికి నిశ్శబ్దమైపోయింది. దీపాలన్నీ ఒక్కసారిగా గంతులేయడం మొదలుపెట్టాయి. మామ గడప మీద నుంచి ఎగిరి వచ్చాడు. అత్త గరిటెతోనే పరిగెత్తి వచ్చింది. నేను కుర్చీ ఎక్కి నిలబడి అరిచాను. అవ్వ మాత్రం "నేను చెప్తే వినేది లేదు" అని మళ్ళీ పడుకుంది.

కుర్చీ దిగి, ఉత్తరం నిజంగా పోతోందా లేదా చూద్దామని పుస్తకంలో ఉన్న ఒక ఆదేశం కొట్టాను. తెర మీద ఒక జాబితా వచ్చింది. దాంట్లో పదిహేడు ఉత్తరాలు. మళ్ళీ కొట్టాను, పదిహేను. అప్పుడు నా బుర్రకు తట్టింది. లినక్స్ తన కడుపులోనే ఒక పోస్టాఫీసు పెట్టుకుంది. లైను లేకపోతే ఉత్తరాన్ని పారేయదు, పుచ్చుకుని, పంపడమైనదని చెప్పి, సంచిలో దాచుకుంటుంది. లైను దొరకగానే సంచి బోర్లిస్తుంది. పొద్దుటి నుంచి పిల్లి గొంతు, నలభై దినాలు, పినాంగ్ వానలు, నా పదకొండు దినాలు, అన్నీ ఇప్పుడు సముద్రం దాటుతున్నాయి!

నా చెయ్యి ఫోను వైరు మీదికి వెళ్ళింది. ఒక్క గుంజు గుంజితే ఆగిపోతాయి. కానీ అసలు ఉత్తరం పోయిందా, ఇంకా సంచిలోనే ఉందా? ఆ జాబితా చూసి చెప్పడం నాకు రాదు. (పదకొండో రోజు పాఠంలో అది లేదు.) గుంజితే నా పరువు దక్కుతుంది, మామ ఆర్డరు పోవచ్చు.

"ఏమిరా, మొగం అట్లయిపోయింది? పోతాండాదా?" అన్నాడు మామ.

"పోతాండాయి మామా" అన్నాను.

"పోతాండాయి అంటే?"

"అన్నీ."

మామకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అత్తకు ముందే అర్థమై కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను వైరు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. జాబితా సున్నా అయ్యేసరికి మూడుంబావు. "పోనీలే, తెలుగు కదా, ఆయనకు యాడ తెలుస్తాది" అని మామ తనకు తానే చెప్పుకున్నాడు. నేనూ గట్టిగా తలూపాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ టక టకలు కొట్టించి చూస్తే జవాబు వచ్చి ఉంది. ఇంగ్లీషు అక్షరాలే, మాటలు మాత్రం తెలుగు! నేను ప్రింటు తీసి, అందరి ముందూ నిలబడి చదివాను. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

"మీ ఉత్తరాలు పదిహేడూ అందినాయి. మా తాత ఇక్కడికి రబ్బరు తోటల్లో పనికి వచ్చినాడు. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేది మా అమ్మ ఒక్కతే, ఆమెతో మాట్లాడేదానికి ఎవురూ లేరు. నాకు వచ్చింది ఆమె కాడ నేర్చుకునిందే. అన్నీ చదివి వినిపించినాను. నవ్వీ నవ్వీ కండ్లనీళ్ళు పెట్టుకునింది. అన్నం తిన్నావా అని అడిగిన ఉత్తరం మూడు తూర్లు చదివించుకునింది. తిన్నానని చెప్పమంది. నా గొంతు పిల్లి మాదిరే ఉండాది, మా ఇంటామె కూడా అదే అంటాది. ఇక్కడ వాన లేదు. మీరు ఇంగ్లీషులో అరవై దినాలన్నారు, తెలుగులో నలభై చాలన్నారు. నేను తెలుగునే నమ్ముతాను. ఆర్డరు మీదే."

మామ ఒక క్షణం బిక్కమొహం వేశాడు, తర్వాత విరగబడి నవ్వాడు, తర్వాత నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "నలభై దినాలు నువ్వు తెచ్చిన తంటా కదా, నువ్వే ఉండి చెయ్యి!" అన్నాడు. సెంటర్లో సెలవు పెట్టి, సరుకు పంపేదాకా ఆ వీధిలో మగ్గాలన్నిటికీ నూలు కండెలు చుట్టాను. వేళ్ళు కోసుకుపోయాయి. సరుకు ముప్పై తొమ్మిదో రోజున లారీ ఎక్కింది, ఆ లారీ వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తిన ఇంజినీరు నేనే.

అయితే ఆ జవాబులో ఇంకొక్క లైను ఉంది. చదివేటప్పుడు దాన్ని గుటుక్కున మింగేశాను. ఎవరూ గమనించలేదనుకున్నాను. మామకు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి కూడబలుక్కుంటే తప్ప రావు.

మొన్న గుడియాత్తం వెళ్ళాను. పినాంగ్ ఆయన కొడుకు కాలంలో కూడా ఆర్డర్లు నడుస్తూనే ఉన్నాయి. వైఫై రావడం లేదని మామే పిలిపించాడు. తాళంచెవి కోసం బీరువా తలుపు తెరిస్తే, లోపలివైపు ఆ పాత ప్రింటు అంటించి ఉంది, కాగితం పసుపురంగుకు తిరిగింది. చివరి లైను కింద, లుంగీ కట్టల మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతో గీత. 'పదకొండు దినాల పిల్లోడా, నేను మీ మామకు చెప్పనులే.' గీత కూడా కాగితంతో పాటే వెలిసిపోయింది, అంటే ఆనాటిదే.

ఇన్నేళ్ళు! ఆ తర్వాత కొన్న ప్రతి కంప్యూటరుకూ, ప్రతి ఫోనుకూ నన్నే పిలిచాడు. బంధువులందరితో "మావోడికి తెలీనిది లేదు" అని చెప్పాడు. నేను బీరువా ముందు నిలబడి ఆ లైను ఇంకోసారి చదువుకున్నాను.

"యాడికి పోయినావురా? ఆ వైఫై చూడప్పా, నీకే కదా బాగా వచ్చు" అని ముందు గదిలోంచి మామ కేకేశాడు.

"వస్తా ఉండా మామా" అని బీరువా తలుపు మెల్లగా మూశాను.