పుంజు ఒప్పుకోలు

జైనూర్ బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడ ఒడిలో ఒక కోడిపుంజు. ఎండకు నోరు తెరిచిన దానికి ఆమె అరచేతిలో నీళ్లు పట్టింది.

"అల్లుని లెక్క చూసుకుంటున్నవ్, యాడికి అవ్వా?" అన్నాను.

"పోచమ్మకు కోయనీకి, బిడ్డా. నీళ్లు చల్లుతం. ఒళ్లు ఇదిలిస్తే ఒప్పుకున్నట్టు."

"ఇదిలియ్యకపోతే?"

"ఇదిలిచ్చేదాక చల్లుతం."

నవ్వొచ్చింది. "మా ఇంట్ల క్రిస్మస్‌కు అడగకుండనే కోస్తం."

"నా పెండ్లికి నన్ను గూడ ఎవ్వలు అడగలే," అంది మామూలుగా.

మళ్లీ అరచేతిలో నీళ్లు పోసి పుంజుకు పట్టింది. అంతలో పుంజు ఒళ్లు విదిలించింది. నా మొహం మీద చుక్కలు పడ్డాయి. ఆమె గబగబా దాన్ని కొంగుతో కప్పేసింది.

"ఇదిలిచ్చింది చూసినవా?"

"లేదవ్వా," అన్నాను.

ఆ అబద్ధం ఎవరి కోసం ఆడానో ఇప్పటికీ తెలియదు.