అద్దం మీద తంగేడు

పోయిన నెల ఒక పొద్దున నేను దీపం వెలిగిస్తుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన లేస్తలేడు బిడ్డా" అన్నది. ఒత్తి సరిచేసి, దండం పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను. లింగంపల్లిలో వాళ్ల ఇల్లు మా వెనక గల్లీలోనే. వెళ్లేసరికి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కుడిచెయ్యి ఛాతీ మీద కదలకుండా ఉంది. ఆ చెయ్యి అలా నిలకడగా ఉండగా చూసి చాలా రోజులైంది.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. నాయన పోయేనాటికి మా చిన్న చెల్లె ఇంకా బడికి కూడా పోవడం లేదు. దాన్ని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపింది ఆయనే. ఆయనకు పిల్లలు లేరు. ఆ మాట ఆయన నోట మేం ఎన్నడూ వినలేదు.

ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం ఆయనది. రిటైరయ్యాక ఎవరి పెళ్లిలోనో బహుమతిగా ఇచ్చిన గాజు గిలాస మీద చెక్కిన తీగ చూశాడట. ఇది నేను చెయ్యలేనా అనుకున్నాడు. అలా మొదలైంది. ముందు ఇంట్లో చాయ్ గిలాసలు, తర్వాత ఊరగాయ సీసాలు. పంటి డాక్టర్ దగ్గర ఉండేలాంటి చిన్న మిషన్ ఒకటి కొని, దానితో గాజు మీద సన్నటి గీతలు చెక్కేవాడు. ఆ చప్పుడుకు చిన్నమ్మ చెవులు మూసుకునేది.

"పండ్ల దవాఖాన పెట్టినవా ఇంట్ల? గిలాసలన్నీ తెల్లగ జేసినవు. వచ్చినోళ్లు నేను కడగలేదనుకుంటరు."

"అనుకోనియ్యి. రెండోసారి చూస్తే పువ్వు కనవడ్తది."

పెద్ద అద్దాలకు మిషన్ పనికిరాదు. దానికి వేరే పద్ధతి. అద్దమంతా స్టిక్కర్ షీటు అతికించి, దాని మీద బొమ్మ గీసి, బ్లేడుతో కోస్తారు. పువ్వు రావాల్సిన చోట మాత్రం షీటు ఒలిచేసి, గాజును కొరికే పేస్టు పూస్తారు. కాసేపాగి కడిగి, మిగిలిన షీటు కూడా ఒలిచేస్తే, పేస్టు తగిలిన చోట గాజు గరుకై, తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది. పేస్టు చర్మానికి మంచిది కాదు. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉండాలి. ఆ పని మీద ఉన్నప్పుడు చిన్నమ్మను కూడా గదిలోకి రానిచ్చేవాడు కాదు. నన్ను మాత్రం గుమ్మం అవతల పీట మీద కూర్చోమనేవాడు. నా పని జపమాల తిప్పడం.

"గడియారం చూస్తే నాకు తొందరైతది బిడ్డా. నువ్వు మాల ఒక్క చుట్టు తిప్పు. అయిపోయిందంటే కడుగుత."

ఎంతోమందికి ఎన్నో అద్దాలు చేసి ఇచ్చాడు. అవన్నీ నా మాలతో లెక్క చూసుకుని కడిగినవే.

మొదటిసారి కడిగినప్పుడు గుమ్మంలోంచి తొంగిచూశాను. నీళ్లు పోయగానే బొమ్మంతా మాయమైంది. గాజు మామూలు గాజులా మెరుస్తోంది. "పోయింది చిన్నాయనా" అన్నాను. ఆయన నవ్వాడు. "ఎండనియ్యి బిడ్డా. అప్పుడే ఏం చూస్తవు." తడి ఆరుతుంటే ఒక్కో రేకే పైకి తేలింది. ఎండనియ్యి అన్న ఆ మాట నాకు తర్వాత చాలాచోట్ల పనికొచ్చింది.

మూడేళ్ల కింద ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బు, మందులతో కొంత ఆగుతుంది, పూర్తిగా పోదు అన్నారు. ఆయన మిషన్ పక్కన పెట్టేశాడు. అప్పుడే మా చిన్న చెల్లె కోకాపేటలో ఫ్లాటు తీసుకుంది. దేవుడి గదికి అద్దాల తలుపులు పెట్టించుకుంటానంది. "అవి నేను చేస్త" అన్నాడు చిన్నాయన. తర్వాత నాతో విడిగా ఒక మాట అన్నాడు. "ఈ రెండు తలుపులు ఈ చెయ్యితోని అయిపోతే చాలు. ఇగ ఏమడగ."

బోరబండలో తెలిసిన అద్దాల దుకాణం నుంచి ముందు రెండు నమూనా ముక్కలు తెచ్చుకున్నాడు. దుప్పట్లో చుట్టి, ఎంఎంటీఎస్ రైల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మెడలో ఐడీ కార్డులేసుకున్న ఆఫీసు పిల్లలు చుట్టూ చేతులు అడ్డుపెట్టి "అద్దం ఉంది, జర జరుగుండ్రి" అంటూ లింగంపల్లి దాకా కాపలా కాశారట. ఆ సంగతి వారం రోజులు చెప్పుకున్నాడు.

బొమ్మ తంగేడు కొమ్మ. చిన్నమ్మ ఊరుకోలేదు.

"తంగేడు తెల్లగుంటదా ఎక్కడన్న? పసుపుపచ్చగ గదా ఉండేది!"

"గాజు మీద ఏది పూసినా తెల్లగనే పూస్తది. ఏం జెయ్యాలె?" అన్నాడు. ఆ మాట ఆయనకూ కొంచెం గుచ్చుకుంది. పసుపు రంగు ఎక్కించే దారి ఉందా అని దుకాణాల్లో అడిగి చూశాడు. పెయింటు వేస్తే రాలిపోతుందని మానుకున్నాడు.

ముక్కల మీద చెయ్యి కుదిరాక తలుపుల అద్దాలు ఇంటికే తెప్పించుకున్నాడు. చిన్న సంచిలో బియ్యం పోసి, మణికట్టు కింద పెట్టుకుని బ్లేడు పట్టేవాడు. ఒక్కో ఆకుకు ఒక్కో పూట. ఒకనాడు చెల్లె ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ఆ సంచిని చూసింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చిన్నాయనా, షోరూంల తయారుగా దొరుకుతయి. నువ్వెందుకు పరేషానయితవు?"

"దొరుకుతయి. కావాల్నంటే తెచ్చుకో. నాకైతే ఇవి చెయ్యాల్నని ఉంది."

"గీతలు వంకర పోతున్నయని నువ్వే బాధపడ్తవ్."

"తంగేడాకు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటదా పిచ్చిదానా?"

అది నవ్వింది. ఇక తయారు తలుపుల మాట ఎత్తలేదు. తలుపులు బిగించిన వడ్రంగి గరుకువైపు లోపలికి పెడదాం, చేతి మరకలు పడవు అన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. తలుపు తీసేవాళ్ల చేతికి పువ్వు తగలాలన్నాడు.

పోయిన శ్రావణంలో గృహప్రవేశం. చెల్లె అత్తగారిది కోస్తా వైపు. ఆమె దీపాల్లో నూనె పోసి, ఆ చేత్తోనే పసుపు తీసుకుని గడపకు రాసింది. అలవాటు కొద్దీ తలుపులకూ రాసింది. గరుకు గాజు నూనెనూ పసుపునూ పీల్చేసుకుంది. తుడిచారు, పొడి శనగపిండి చల్లి రుద్దారు. పోలేదు. కొమ్మ చివర రెండు పువ్వుల మీద వేళ్ల గుర్తులు అలాగే ఉండిపోయాయి. ఆ చేతికి అదే చివరి పని అని అందరికీ తెలుసు.

"అయ్యో అన్నయ్యగారూ! ఎంత పని చేశానండీ. మీ కష్టమంతా పాడుచేశాను" అందామె.

చిన్నాయన దగ్గరికి వెళ్లాడు. వణుకుతున్న వేలితో ఆ పసుపును తడిమాడు.

"తంగేడుకు పసుపు నేను ఎక్కించలేకపోయిన చెల్లెమ్మా. నువ్వు ఎక్కించినవ్." చిన్నమ్మ వైపు తిరిగాడు. "చూసినవా? ఇప్పుడేమంటవ్?"

"రెండే పూసినయి గదా! మిగిలినయెప్పుడు?" అంది చిన్నమ్మ. ఇల్లంతా నవ్వింది. చెల్లె అత్తగారు కూడా కళ్లు తుడుచుకుని నవ్వింది.

దినకర్మలన్నీ అయ్యాక చెల్లె నన్ను కోకాపేటకు తీసుకెళ్లింది. మైలని మూసి ఉంచిన దేవుడి గది తెరిచి దీపం పెట్టమంది. ముందు తలుపులు కడిగాను. నీళ్లు పడగానే ఆకులూ కొమ్మలూ అన్నీ మాయమయ్యాయి. చెల్లె ఎప్పుడూ పొడిగుడ్డతోనే తుడుస్తుంది. ఇది చూడలేదు.

"అక్కా! పువ్వులు పోయినయి!"

"ఎండనియ్యి" అన్నాను.

దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాల తీశాను. నీళ్లు కారుతున్న ఖాళీ గాజులో ఆ రెండు పసుపు పువ్వులు మాత్రం ఆనుకోవడానికి కొమ్మ లేకుండా నిలబడి ఉన్నాయి. మాల సగం తిరిగేసరికి వాటి కింద ఒక ఆకు తేలింది. అంచు కొంచెం వణికి ఉంది.