ఢిల్లీలో నేను అడగని మాట

మా చోడవరం డిగ్రీ కాలేజీకి విద్యార్థుల మార్పిడి అని పంజాబ్ నుంచి పన్నెండు మంది అమ్మాయిలు వచ్చారు. వారం రోజులు మా ఇళ్ళల్లో ఉంటారు, తర్వాత వాళ్ళూ మేమూ కలిసి ఢిల్లీ చూడాలి. ఒక్కొక్కరికి ఒక జోడీ. మా జట్టుకు నేను లీడర్ని. ఇంగ్లీషు బాగా మాట్లాడతానని మేడమ్ నన్ను ఎంచారు, నేనూ అదే అనుకుంటూ తిరిగేదాన్ని.

ఆ వారం నా జోడీ అచ్చంగా నాది. నా మంచం మీదే పడుకుంది. గోవాడ రోడ్డు మీద చెరకు బళ్ళు చూసి మా ఊళ్ళోనూ ఇంతే అంది. నాన్న పొలంలో గడ విరిచి ఇస్తే నాకంటే వేగంగా పళ్ళతో చీల్చేసింది. నా ఇంగ్లీషు ఆమెకు సగమే అర్థమయ్యేది, మిగతా సగం చేతులతో నడిపేవాళ్ళం. అది చాలనుకున్నాను.

చాలదని ఢిల్లీ రైల్లో తెలిసింది. నా స్నేహితురాలు ఒకతె అనకాపల్లి నుంచి రోజూ బస్సులో కాలేజీకి వచ్చేది. వాళ్ళ నాన్నది అక్కడ టైలరింగ్ షాపు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. మూడేళ్ళుగా ఆ సంగతి తెలిసినా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. రైల్లో ఆమె నా జోడీని హిందీలో ఏదో అడిగింది. అంతే, వారం నుంచి నా దగ్గర ముక్కలు ముక్కలుగా మాట్లాడిన పిల్ల గలగలా మొదలెట్టింది. మా అమ్మ చేసిన చారు కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుందన్న సంగతి కూడా నాకు అలాగే తెలిసింది. ఇద్దరూ పడీపడీ నవ్వుతుంటే ఏమిటని అడిగాను.

"ఏటీ లేదే, సిన్న జోకు. తెలుగులో సెప్తే నవ్వు రాదు," అంది నా స్నేహితురాలు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం నా జోడీ కునుకు తీస్తుంటే నా స్నేహితురాలు పక్కకు వచ్చి కూర్చుంది. వాళ్ళ నాయనమ్మకు, వాళ్ళు దాదీ అంటారు, ఢిల్లీ జామా మసీదు చూడాలని ఎన్నాళ్ళగానో ఆశట. మోకాళ్ళు పోయాయి, ఇక వెళ్ళే ఓపిక లేదు. నువ్వయినా అక్కడ నమాజు చేసి నాకోసం ప్రార్థించి రా అని పంపిందట. మేం చూడవలసినవాటి జాబితాలో ఆ మసీదు లేదు.

"నాకోసం బస్సు ఆపమంటే అందరూ ఏటనుకుంటారో. నువ్వడగవే మేడమ్‌ని. నీ మాటయితే ఇంటారు," అంది.

అడుగుతానన్నాను. నిజంగానే అడుగుదామనుకున్నాను.

ఢిల్లీలో బస్సెక్కి కిటికీ పక్క సీటు నా జోడీకోసం బ్యాగు పెట్టి ఆపాను. ఆమె వెనక సీట్లో నా స్నేహితురాలి పక్కన కూర్చుంది. నా బ్యాగు మాత్రం ఢిల్లీ అంతా హాయిగా చూసింది. కుతుబ్ మీనార్ దగ్గర వాళ్ళిద్దరూ నన్ను పిలిస్తే పరుగున వెళ్ళాను. ఫోన్ నా చేతిలో పెట్టి ఇద్దరూ మెడల మీద చేతులేసుకుని నిలబడ్డారు. ఫొటో తీశాను. మీనార్ సగానికి తెగిపోయేలా తీశాను.

నా ఓర్వలేనితనం ఎక్కడిదాకా పోయిందంటే, నా స్నేహితురాలి హిందీ కూడా నా దగ్గర దొంగిలించిన వస్తువులా అనిపించింది. పదో తరగతి హిందీలో నాకు ఆమెకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి మరి.

ఆఖరి రోజు ఎర్రకోట చూసి బయటికి వచ్చాం. రైలుకు ఇంకా మూడు గంటల టైముంది. దూరంగా మసీదు గుమ్మటాలు కనిపిస్తున్నాయి. పిల్లలు ఇంకేమైనా చూడాలంటున్నారా అని మేడమ్ నన్నే అడిగారు. నా స్నేహితురాలు తలమీద చున్నీ సర్దుకుని నావైపు చూసింది. ఆమె చెయ్యి నా జోడీ చేతిలో ఉంది.

"అందరూ షాపింగంటన్నారు, మేడమ్," అన్నాను.

ఎవరూ అనలేదు. నేనన్నాక మాత్రం అందరూ సరేనన్నారు. నా స్నేహితురాలు గుమ్మటాలవైపు ఒకసారి చూసి బస్సెక్కింది. అబద్ధమెందుకు, బజారుకు చేరేదాకా నా ప్రాణం హాయిగా ఉంది.

పంజాబ్ పిల్లలు ఢిల్లీ నుంచే వాళ్ళ ఊళ్ళకు వెళ్ళిపోయారు. తిరుగు రైల్లో నా స్నేహితురాలు నన్ను నిలదీస్తుందని సాకులు సిద్ధం చేసుకున్నాను. ఆమె మాత్రం పల్లీలు కొని నాకూ పెట్టింది.

పది రోజుల తర్వాత జాకెట్టు కుట్టించుకోవడానికి అనకాపల్లి వెళ్తే, నా స్నేహితురాలి నాన్న షాపు వెనక ఇంట్లోంచి దాదీ నన్ను పిలిచింది. కాళ్ళు చాపుకుని మంచం మీద కూర్చుని ఉంది. సేమ్యా గిన్నె ఒకటి నా ఒళ్ళో పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్‌ని మరీ మరీ బతిమాలేవంట గదమ్మా. టైము లేకపోతే ఆవిడ మాత్రం ఏటి సేస్తాది. నాకోసం నువ్వడిగేవు, అదే సాలు."

నా స్నేహితురాలు గుమ్మంలో నిలబడి గుండీలు ఏరుతోంది. తల ఎత్తలేదు. పంజాబ్ నుంచి వచ్చిన పిల్ల నన్ను వదిలి ఆమెను ఎందుకు పట్టుకుందో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. దాంతోపాటే, ఆ మంచితనం కూడా ఆమెకే ఎందుకుండాలని మళ్ళీ కుళ్ళుకున్నాను.

నేను అడగలేదు దాదీ అన్న మాట గొంతుదాకా వచ్చింది. సేమ్యా బాగుందన్నాను. ఆవిడ ఇంకొంచెం వేసింది.